బూడిద రంగు ఫ్యాను

"ముందు ఆ ఫ్యాను కట్టేస్తారా అండీ?"

గుమ్మంలో నిలబడిన ఆవిడ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. దసరా వెళ్ళి మూడు వారాలైనా నందిగామలో ఎండ తగ్గలేదు. ఎరువుల కొట్టు పైనున్న ఆ ఇరుకు ఆఫీసులో ఫ్యాను లేకపోతే మనిషి ఉడికిపోతాడు. అయినా రోజారమణి ఒక్క మాట అడక్కుండా లేచి స్విచ్చి ఆపింది. రెక్కలు పూర్తిగా నిలిచిపోయేదాకా ఆవిడ లోపలికి అడుగు పెట్టలేదు.

రోజారమణి ప్రైవేటు డిటెక్టివ్. ఇన్సూరెన్సు క్లెయిముల్లో నిజమెంతో, నాటకమెంతో తేల్చే ఉద్యోగం పద్దెనిమిదేళ్ళు చేసి, విసుగెత్తి సొంతంగా బోర్డు పెట్టుకుంది. వచ్చే కేసుల్లో ముప్పాతిక వంతు పెళ్ళికొడుకుల గురించి వాకబులే. ఆవిడ అసిస్టెంటు సాంబయ్య బస్సు కండక్టరుగా రిటైరైన పెద్దమనిషి. మేడంగారు తుమ్మినా అందులో ఏదో తెలివి ఉంటుందని ఆయన నమ్మకం.

"నా పేరు నాగశ్రీ అండి. మాది జగ్గయ్యపేట," అంది వచ్చినావిడ. నలభై ఏళ్ళుంటాయి. కుర్చీ చివర కూర్చుంది. "మంగళవారం మా ఇంట్లో టేబుల్ ఫ్యాను షాకు కొట్టి మనిషిని పట్టేసిందండి. పట్టింది మా పనావిడ కృపావతిని. పట్టాల్సింది నన్ను."

సాంబయ్య మంచినీళ్ళ గ్లాసు అందించాడు. ఆవిడ నీళ్ళవంక చూసింది గాని తాగలేదు.

నాగశ్రీకి పాత సామాన్ల పిచ్చి. అరవై డెబ్భై ఏళ్ళ కిందటి రేడియోలు, నల్ల డయలు ఫోన్లు, పేము అల్లిన టేకు కుర్చీలు, ఎనామిల్ పళ్ళాలు ఏరి ఏరి కొంటుంది. అద్దాల బీరువాలో పెట్టి మురిసిపోయే రకం కాదు. రేడియో పొద్దున్నే పాడాలి, కుర్చీలో మనిషి కూర్చోవాలి, పళ్ళెంలో అన్నం తినాలి. కొన్న ప్రతి వస్తువుకీ పైనా కిందా ఫోటోలు తీసి ఇంటర్నెట్‌లో పెడుతుంది. నలభై వేలమంది చూస్తారు.

"రోజూ పదింటికి తలంటుకునో, స్నానం చేసో వచ్చి ఆ ఫ్యాను ముందు జుట్టు ఆరబెట్టుకుంటానండి. ఒట్టి కాళ్ళతో, తడిజుట్టుతో. అది కూడా వీడియో తీసి పెట్టా, నా బుద్ధి తగలెయ్య. మంగళవారం సరిగ్గా ఆ టైముకి మా అక్క ఫోన్ చేసింది. మాట్లాడుతుంటే కృపావతి తడిగుడ్డ పెట్టి, గచ్చు ఆరుతుందని ఫ్యాను వేసింది. స్విచ్చి వేసి, ఫ్యాను మెడ ఇటు తిప్పబోయిందంతే." నాగశ్రీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది. "ఆ అరుపు ఇంకా వినిపిస్తోందండి. బెజవాడ ఆసుపత్రిలో ఉంది. ఇంకా కళ్ళు తెరవలేదు."

"ఫ్యాను రిపేరు ఎవరు చేశారు?"

"ఈ ఊళ్ళోనే, బసవయ్యగారు. పోలీసులు ఆయన మీదే కేసు రాస్తామంటున్నారు. ఆయన ముట్టుకున్న వస్తువు అలా కాదండి. ఎర్తు తీగ లేకుండా ఒక్క వస్తువూ తిరిగివ్వడు. దసరాకి పదిరోజుల ముందు మావారు కారులో తెచ్చి ఆయనకిచ్చారు. దసరా అయ్యాక ఆయనే ఇంటికి తెచ్చి బిగించి వెళ్ళాడు. రెండు వారాలు బంగారంలా తిరిగింది."

"అంటే ఎవరో కావాలని చేశారంటారు."

నాగశ్రీ తల ఊపింది. తరవాత అన్నమాటకి సాంబయ్య చేతిలో కాగితం కిందపెట్టేశాడు.

"ఎవరు చేశారో నాకక్కర్లేదండి. మావారు కాదని చెప్పండి, చాలు. ఆయనకి ఈ సామానంటే చిరాకు. తీసి బయట పారేస్తానని వారానికోసారి అంటారు. మూడు రోజులైంది, ఆయన కలిపిచ్చిన కాఫీ కూడా తాగలేకపోతున్నా. ఇరవై ఏళ్ళు కాపరం చేసిన మనిషిని చూసి భయపడుతున్నానండి."

"ఆయన కాదని ఇప్పుడే చెప్పలేనండి," అంది రోజారమణి మెల్లిగా. "చూసి చెప్తా. ఏదైనా సరే, ఉన్నదే చెప్తా."

బసవయ్య కొట్టు రైతుబజారు దాటాక సందులో ఉంది. షట్టరు సగం దించి, డెబ్భై ఏళ్ళ ముసలాయన చీకట్లో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మనిషి అలికిడికి ఉలిక్కిపడి లేచాడు.

"నేను పోలీసుని కాదు పెద్దాయనా. ఒక్క సంగతి చెప్పు. నువ్వు చేసిన రిపేరని ఎలా గుర్తుపడతావు?"

"నా చేతి పని నాకు తెలవదా అమ్మా? అడుగు పళ్ళెం విప్పితే లోపల పెన్సిల్‌తో తారీకు రాస్తా. మా గురువు నేర్పాడు. రిపేరు తిరిగొస్తే ఎన్నాళ్ళు ఆగిందో తెలవడానికి." ఆయన షట్టరు వైపు ఓసారి చూశాడు. "ఆ ఫ్యాను ఒక్కసారి చూపించమన్నా. ఎస్సైగారు కసిరాడు. ఇన్నేళ్ళలో నా వల్ల ఒక్కరికి జిల్లుమనలేదమ్మా. ఆ పిల్ల చచ్చిపోతే నేను బతకను."

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళారు. నాగశ్రీ ఇల్లు బజారుకి కాస్త ఎడంగా ఉంది. ముందుగదిలో పేము కుర్చీలు, వాల్వు రేడియో, కుట్టుమిషను, ఆకుపచ్చ గాజు టోపీ ఉన్న టేబుల్ దీపం, నల్ల ఫోను. కిటికీ పక్క బల్ల మీద ఆ ఫ్యాను. బూడిద రంగు పోత ఇనుము ఒళ్ళు, ఇత్తడి రెక్కలు. నిజంగా అందమైన వస్తువు. నాగశ్రీ మాత్రం కరిచే కుక్క పక్కనుంచి నడిచినట్టు గోడవారగా నడుస్తోంది.

రోజారమణి ఫ్యాను మీదకి చెయ్యి చాపింది.

"మేడంగారూ!" అని సాంబయ్య కేక పెట్టాడు.

"ప్లగ్గు ఊడదీసే ఉందండీ బాబూ," అందావిడ. అయినా వేలి వెనక భాగంతోనే ముందు తాకింది. వంగి చాలాసేపు చూసింది. "సాంబయ్యగారూ, ఈ బొట్లేంటి? రేడియోకీ ఉంది, మిషనుకీ ఉంది."

"ఆయుధపూజ బొట్లండి. మహర్నవమి నాడు ఇంట్లో మిషన్లన్నిటికీ గంధం రాసి కుంకుమ పెడతాం. మా బస్సులకీ పెట్టేవాళ్ళం. తుడవకూడదండి, వాటంతటవే పోవాలి."

దీపానికీ ఉంది, ఫోనుకీ ఉంది, ఫ్యాను అడుగు దిమ్మకి ముందువైపు నడిమధ్యనా ఉంది. రోజారమణి దీపం ఎత్తి తిరగేసింది. అడుగున తెల్లరంగుతో పద్నాలుగు అంకె వేసి ఉంది.

"ఇదేంటండీ?"

"ఏదో పాత బంగ్లా నంబరై ఉంటుంది," అంది నాగశ్రీ. "నవీన్‌బాబు అమ్మాడు. మైలవరంలో పాత సామాన్ల వ్యాపారం అతనిది. నాకు సగం సామాను అతనే తెచ్చాడు. ఇది ఏ బంగ్లాదో చెప్తే నంబరు ఫోటోతో పాటు రాస్తానని పోయిన శనివారం మెసేజి పెట్టా. కనుక్కుని చెప్తా, అందాకా నంబరు బయటపెట్టొద్దన్నాడు."

"ఇలాంటి ఫ్యాన్లు ఎన్నున్నాయి మీకు?"

"రెండే. జత కొన్నా. రెండోదానికి వైర్లు చివికిపోయాయి. దాని వంతు వచ్చేదాకా లోపల పెట్టా."

మెట్లకింద గదిలో రెండో ఫ్యాను గోనెసంచి కప్పుకుని కూర్చుంది. అచ్చం కవలలే. దాని దిమ్మకీ ఎండిన గంధం, పైన కుంకుమ. రోజారమణి సంచి మళ్ళీ కప్పేసి, నాగశ్రీ ఫోనులో దసరా ఫోటోలు చూస్తానంది. ఒక ఫోటో దగ్గర వేలు ఆగింది. ఆ తరవాత సోమవారం గురించి అడిగింది.

"సోమవారం పదింటికి మామూలుగానే ఫ్యాను వేసుకున్నా," అంది నాగశ్రీ. "తరవాత మంగళవారం దాకా వెయ్యలేదు. ఇంటికొచ్చింది ఇద్దరే. వడ్రంగి వెస్లీ పొద్దుటినుంచీ పెరట్లో కుర్చీలకి పాలిష్ వేస్తున్నాడు. మధ్యాహ్నం నవీన్‌బాబు పెద్ద అట్టపెట్టెతో వచ్చాడు. పైన ఎనామిల్ పళ్ళాలు చూపించాడు. అంచులు పెచ్చులూడి ఉన్నాయి, వద్దన్నా. కాఫీ తాగి పెట్టె తీసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం మావారు."

వడ్రంగి వెస్లీ పిలవగానే వచ్చాడు గాని గుమ్మం దాటలేదు. చేతులకి పాలిష్ మరకలు.

"లోపలికెళ్ళావా సోమవారం?"

"మంచినీళ్ళకి సీసా పట్టుకుని వెళ్ళానండి. వంటింటి దాకానే."

"నిన్ను అనుమానిస్తున్నారా?"

"సారు పోలీసులకి నా పేరు చెప్పారంటండి. ఇంట్లో తిరిగేది నేనే కదా." అతను మరకల చేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "నాకు కరెంటంటే చచ్చేంత భయమండి. మా అమ్మ మొన్నటినుంచీ ప్రార్థనలోనే ఉంది."

నాగశ్రీ భర్త కిషోర్‌బాబుకి బజార్లో విత్తనాల కొట్టుంది. భోజనానికి వచ్చినవాడు డిటెక్టివుని చూసి ముఖం చిట్లించాడు.

"ఇందులో కనిపెట్టేదేముందండీ? పాత చెత్త. ఎప్పుడో ఒకప్పుడు ఇలా అవుతుందని చెప్తూనే ఉన్నా."

"వెస్లీ పేరు ఎందుకు చెప్పారు?"

"ఎవరెవరు వచ్చారని అడిగారు, చెప్పా. తప్పా?"

"ఫ్యానుని మీరే నందిగామ తీసుకెళ్ళారా?"

"ఆ. మహర్నవమికి పదిరోజుల ముందు. పండక్కి ఇమ్మంటే ముసలాయన ఇవ్వలా. దానికేం?"

రోజారమణి జవాబు చెప్పేలోపే నాగశ్రీ ఫోను మోగింది. నవీన్‌బాబు. ఆమె స్పీకరు పెట్టింది.

"అమ్మా, విన్నానమ్మా. ఎంత ఘోరం! ఆ సామాను ఇంక ఒక్క క్షణం ఇంట్లో ఉంచకండి. ఆదివారం బండి తెస్తా, మొత్తం నేనే తీసుకుపోతా. ఆ దీపంతో సహా. దాని వైర్లూ మంచివి కావు."

"తీసుకుపొమ్మను," అన్నాడు కిషోర్‌బాబు గట్టిగా.

రోజారమణి రమ్మని చెప్పమన్నట్టు సైగ చేసింది.

మర్నాడు సాంబయ్యని మైలవరం వైపు పంపి, ఆవిడ పోలీసుస్టేషనులో రెండు గంటలు కూర్చుంది. మొదటి గంట ఎస్సై వినలేదు. రెండో గంటలో కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అదేరోజు సాయంత్రం ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. కృపావతి కళ్ళు తెరిచింది. ప్రాణభయం లేదు గాని కుడిచేతి వేళ్ళు రెండు తీసెయ్యాలన్నారు. అది విని నాగశ్రీ తన కుడిచెయ్యి కొంగులో దాచుకుంది. ఆ వేళ్ళు తన బదులు పోయాయని ఆమెకి తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆ ముందుగది నిండింది. కిషోర్‌బాబు వాచీ చూసుకుంటున్నాడు. వెస్లీ తలుపు పక్కన నిలబడ్డాడు. బసవయ్య పేము కుర్చీ అంచున ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఎస్సై మామూలు చొక్కాలో కిటికీ దగ్గరున్నాడు. నవీన్‌బాబు బండి వీధిలో ఆపి, నవ్వుతూ వచ్చి, ఇంతమందిని చూసి నవ్వు తగ్గించుకున్నాడు.

"సామాను సర్దేముందు ఒక లెక్క చూసుకుందాం," అంది రోజారమణి. సాంబయ్య మెట్లకింద ఫ్యానుని తెచ్చి బల్ల మీద మొదటిదాని పక్కన పెట్టాడు. "నాగశ్రీగారూ, మహర్నవమి నాడు ఎన్ని ఫ్యాన్లకి బొట్టు పెట్టారు?"

"ఒక్కదానికే. ఇంట్లో ఉన్నదొక్కటే కదండీ, రెండోది నందిగామలో..."

ఆవిడ ఆగిపోయింది. బల్ల మీద రెండు ఫ్యాన్లు, రెండింటికీ బొట్లు. గదిలో అందరూ అప్పుడే చూసినట్టు చూశారు.

"నేను బొట్టు పెట్టే ఇంట్లో పుట్టలేదండి," అంది రోజారమణి. "అందుకే నాకు కనపడింది. మీకైతే దసరా వెళ్ళాక ఫ్యానుకి బొట్టు ఉండటం ఫ్యానుకి రెక్కలుండటం లాంటిదే. పోలీసులూ చూశారు, సారూ చూశారు. ఎవరికీ పట్టలేదు. పండగనాడు మీరు పూజ చేసింది ఈ చివికిన వైర్లదానికి. ఫోటో కోసం దీన్నే బల్ల మీద పెట్టారు. బాగుచేసింది వచ్చాక దీన్ని లోపలికి పంపారు. కాబట్టి బసవయ్యగారు తెచ్చినదానికి బొట్టు ఉండకూడదు. పెద్దాయనా, కృపావతిని పట్టినదాని అడుగు విప్పు."

బసవయ్య స్క్రూడ్రైవరు రెండుసార్లు జారింది. అడుగు పళ్ళెం ఊడివచ్చింది. లోపల ముసలాయన వేలుపెట్టి తడిమాడు, కళ్ళద్దాలు సవరించుకుని మళ్ళీ చూశాడు.

"తారీకు లేదమ్మా." ఆయన గొంతు పెద్దదైంది. "ఇది నాది కాదు. కరెంటొచ్చే తీగ తెచ్చి ఇనుప ఒంటికే బిగించాడు, దుర్మార్గుడు! ఎర్తు తీగ ప్లగ్గులో కత్తిరించేశాడు, ఫ్యూజు ఎగిరిపోకుండా. ఇది తెలవక చేసిన పని కాదు. తెలిసి చేసిందే!"

నాగశ్రీ కళ్ళు భర్త మీదికి వెళ్ళి, వెంటనే కిందికి దిగిపోయాయి.

"అంటే ఇది మూడో ఫ్యాను," అంది రోజారమణి. "ఎవరో ఇలాంటిదే ఇంకోటి వేరేచోట సిద్ధం చేసుకుని తెచ్చి మార్చారు. ఇంట్లో వస్తువులన్నిటికీ బొట్లున్నాయి కాబట్టి, లేకపోతే అనుమానం వస్తుందని దీనికీ పెట్టారు. ఫోటో చూసి అదే చోట, అంతే సైజులో. శ్రద్ధ ఎక్కువైంది. ఫోటోలో ఉన్నది రెండో ఫ్యానని ఆ మనిషికి తెలియదు. పండగరోజున అసలుది నందిగామలో ఉందనీ తెలియదు. హడావుడిలో, తను తీసినదానికి బొట్టు లేదని చూసుకోనూ లేదు."

"అది నాకు తెలుసు కదా," అన్నాడు కిషోర్‌బాబు అప్రయత్నంగా. "నేనే తీసుకెళ్ళా."

"అవునండి. అందుకే మీరు కాదు. మీరైతే ఆ బొట్టు పెట్టరు. వెస్లీ నీళ్ళ సీసాతో వచ్చాడు, సీసాతో వెళ్ళాడు. ఇంత ఫ్యాను దాచుకుని ఎలా వస్తాడు? సోమవారం ఈ ఇంట్లోకి అంత పెద్ద పెట్టె ఒక్కటే వచ్చింది. వచ్చిన పెట్టె అంతే బరువుతో తిరిగి వెళ్ళింది. పైన నాలుగు పెచ్చులూడిన పళ్ళాలు. ఆవిడ వాటిని వద్దంటుందని పదేళ్ళుగా సామాను అమ్మేవాడికి తెలియదా, నవీన్‌బాబుగారూ? ఆవిడ కాఫీ కలిపేంత టైము మీకు సరిపోయింది."

నవీన్‌బాబు గట్టిగా నవ్వాడు. "పూజ చేసుకున్న వస్తువుకి బొట్టుంటే నేరమా అమ్మా? నాకు ఈ అమ్మగారితో ఏం పగ? నాకు అన్నం పెట్టేదే ఆవిడ."

"పగ లేదు. భయం ఉంది. ఆకుపచ్చ దీపం అడుగున ఉన్న నంబరంటే భయం. సాంబయ్యగారూ, చెప్పండి."

సాంబయ్య గొంతు సవరించుకున్నాడు. నిన్నటినుంచీ ఈ క్షణం కోసమే ఎదురుచూస్తున్నాడు.

"మైలవరం అవతల మూతపడ్డ ట్రావెలర్స్ బంగ్లా ఒకటుందండి. వర్షాకాలంలో అక్కడ సామాను పోయింది. అడ్డొచ్చిన వాచ్‌మన్ తలమీద దెబ్బతగిలి చచ్చిపోయాడు. దొంగ దొరకలేదు. అక్కడి స్టేషన్లో పోయిన సామాను జాబితా చూశానండి. పద్నాలుగో నంబరు, ఆకుపచ్చ గాజు టేబుల్ దీపం."

"ఆవిడ ఏ వస్తువుకైనా అడుగు ఫోటో తీసి నలభై వేలమందికి చూపిస్తుంది," అంది రోజారమణి. "చూపిస్తానని మీకే చెప్పింది. దీపం వెనక్కి అడిగితే అనుమానం. అదే ఆవిడ పాత ఫ్యాను షాకుకి చచ్చిపోతే, పాత చెత్త చంపేసిందని ఊరంతా అంటుంది. భర్త సామానంతా మీ చేతికే ఇస్తాడు."

ఎస్సై ఫోను మోగింది. మాట్లాడి, నవీన్‌బాబు భుజం మీద చెయ్యి వేశాడు. "మీ గోడౌన్‌లో మా వాళ్ళున్నారు. బూడిద రంగు ఫ్యాను దొరికిందంట. అడుగు విప్పితే పెన్సిల్‌తో తారీకు ఉంది."

"పారెయ్యలేకపోయావా?" అంది రోజారమణి, మొదటిసారి ఏకవచనంలో.

నవీన్‌బాబు పెదవులు తడుపుకున్నాడు. "బాగా తిరుగుతుందండి," అన్నాడు. అంతే. అతన్ని తీసుకెళ్తుంటే వెస్లీ తలుపు దగ్గరినుంచి రెండడుగులు వెనక్కి వేశాడు. బసవయ్య మాత్రం కూర్చున్నచోటే చొక్కా అంచు ముఖానికి అడ్డం పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు.

కిషోర్‌బాబు బాగా కుదుటపడ్డాడు. వెస్లీ చెయ్యి పట్టుకుని క్షమించమన్నాడు, ముసలాయన్ని కారులో దింపిస్తానన్నాడు. అందర్నీ పంపాక రోజారమణి దగ్గరికొచ్చాడు.

"అందరూ ప్రమాదమంటుంటే మా ఆవిడొక్కతే మీ దగ్గరికొచ్చింది. ఇంతకీ ఏమని అడిగిందండీ?"

"అది ఆవిడే చెప్పాలండి," అని రోజారమణి మెట్లు దిగింది. సాంబయ్య వరండాలో వంగి చెప్పులు తొడుక్కుంటున్నాడు. వినకూడదనుకుంటూనే విన్నాడు.

"ఎవరు చేశారో కనుక్కోమని అడగలేదు," అంది నాగశ్రీ. "మీరు కాదని చెప్పమని అడిగా."



"ఆవిడ కనుక్కోలేకపోయుంటే?" అన్నాడు కిషోర్‌బాబు.

నాగశ్రీ ఏడ్చేసింది. అతను కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు గాని, చెయ్యి మాత్రం పట్టుకోలేదు.